టోకియో నగరమున నేను జూచిన కత్తెర విద్య

గత కార్తికమాసమున నేను టోకియో నగరమునకు బోవుట తటస్థించినది. మా కుమారుడచట నుద్యోగము చేయుచున్నాడు. కోడలు పురుడుపోసికొనిన దినములగుటచే సాయముగా రెండు మాసములు వారియింట నుంటిని. ఆ దేశమునకు బోయినవారు సాధారణముగా ఫ్యూజి పర్వతమును గూర్చియు, దేవాలయములను గూర్చియు వ్రాయుదురు. నేను వ్రాయబోవునది కత్తెరను గూర్చి. కుట్టుపని యెఱిగిన సోదరీమణులకిది కొంత యుపయోగపడునని నా నమ్మకము.

బయలుదేఱుటకు ముందు మా యక్కయ్యను జూడబోయితిని. ఆమెకు పదునాలుగవయేట వెన్నెముక యొక ప్రక్కకు వంగినది. కుడిభుజము పైకి లేచి, ఆ వైపున వీపు ఉబ్బియుండును. నాటినుండి నేటివఱకు ఆమెకు చక్కగా నమరిన రవిక యొక్కటియు లేదు. ఒక ప్రక్క బిగియును, రెండవప్రక్క ముడుతలు పడును, మెడ జాఱిపోవును. దర్జీలందఱును కుడియెడమల కొక్కటే కొలత వేయుదురు గదా! ఒకానొక దర్జీ విసుగుకొని, "అమ్మా, ఒళ్ళు తిన్నగా ఉంటే రవిక కూడా తిన్నగానే ఉంటుంది" అనినాడట. ఆమె మాఱుపలుకక యింటికి వచ్చినది. ఆ తరువాత నడివేసవిలోనైనను శాలువ కప్పుకొననిదే నలుగురిలోనికి వచ్చుట మానినది. మాఘమాసమున ఆమె మనుమరాలి పెండ్లి. "నీకేమి తెత్తునక్కా?" అని యడిగితిని. "నాకేమీ తేకే, పెండ్లికి శాలువ ఉండనే ఉంది" అనినది. ఆ మాట నన్ను దారిపొడుగున వెంటాడినది.

టోకియోలో నిప్పొరి యను పేట గలదు. రైలు దిగి తూర్పుదిక్కున నడచినచో దాదాపు కిలోమీటరు పొడవున బట్టల యంగళ్ళే. తానులు వీథిలోనికి పేర్చియుండును. గుండీలు, దారములు, లేసులు, పాత కిమొనోలు, ఒక్కొక్క దాని కొక్కొక్క యంగడి. మన ఊళ్ళలోని బట్టలబజారును జూచినట్లే నా ప్రాణము లేచివచ్చినది. పాత కిమొనోల యంగడిలోని వృద్ధురాలు నా చీరెకొంగును చేతబట్టి చూచి, తల పంకించి, తన దుకాణములోని యొక కిమొనోను నాయెదుట విప్పి పఱచినది. మాటలు లేకయే మేమిరువురమును చాలసేపు ముచ్చటించుకొంటిమి.

కిమొనో కుట్టుటలోని నేర్పు మనవారు తెలిసికొనదగినది. దాని తాను వెడల్పు సుమారు 36 మొదలు 38 సెంటీమీటర్లు, అనగా మూరెడైనను లేదు. పొడవు 12 మీటర్లకు కొంచె మటునిటు. ఆ తానును ఎనిమిది ముక్కలుగా కోయుదురు. చేతులకు రెండు, ఒడలికి రెండు, ముందువైపు చేర్చు పట్టీలు రెండు, మెడపట్టీ యొకటి, దానిపై కప్పుపట్టీ యొకటి. అన్నియు తిన్నని కోతలే. వంపుకోత యొక్కటియు లేదు గనుక పీలికయైనను వృథాపోదు. పూర్వము ఉదుకవలసినప్పుడు కుట్లన్నియు విప్పి, ముక్కలను మరల వరుసగా చేర్చి తానుగా జేసి, ఉతికి, గంజిపెట్టి, బిగియలాగి ఆరబెట్టి మరల కుట్టెడివారు. కోయని చీరెను కట్టెడి మనకు ఈ మర్యాద సులభముగా బోధపడును. బట్ట బట్టగానే యుండును. కట్టుకొనువారే దానికి రూపమిత్తురు.

కాని రవిక యట్టిది కాదు. అది యొడలి కంటియుండవలెను. పాశ్చాత్యవేషము వచ్చినప్పుడు జపానువారికిని ఈ చిక్కే యెదురైనది. ఆ విద్య నేర్పుటకు నమికి ఇసబురో యనువారు 1919లో చిన్న కుట్టుపాఠశాల పెట్టిరి. అది 1923లో ప్రభుత్వపు గుర్తింపును బడసినది. అదియే నేటి బుంకా ఫ్యాషన్ కళాశాల. వారు 1936లో "సోఎన్" అను పత్రికను గూడ నారంభించిరి. తొలుత నిది స్త్రీల పాఠశాలయే. 1957లో పురుషులకును ప్రవేశము గల్గినది. లోకప్రసిద్ధులగు కెంజో తకాడా, యోజీ యమామొటో యిచ్చట చదివినవారే.

ఒకనాటి యుదయమున మా కుమారుడు నన్ను షింజుకు స్టేషనున దింపి త్రోవ చూపెను. కళాశాలకు నడక కొలది నిమిషములే. ఎత్తైన భవనములలోనికి బాలబాలికలు పొడవైన కాగితపు చుట్టలను చంకనిడుకొని పోవుచుండిరి. ఒక బాలిక తొడిగిన చొక్కాయి భుజముపై శంఖమువలె చుట్టలు చుట్టుకొని నిలిచియుండెను. లోపల తీగయు లేదు, అట్టయు లేదు. బట్టయే యట్లు నిలిచినది. నేను నోరు తెఱచి చూచుచుంటిని. ఆమె నవ్వి, వంగి నమస్కరించి పోయినది.

అచటి కుట్టుసామగ్రి యంగడిలో ఒక పుస్తకము కొంటిని. ఆ కళాశాలలో నుపాధ్యాయినిగా నుండిన నకమిచి తొమొకో గారు రచించిన "ప్యాటర్న్ మ్యాజిక్". మొదటి సంపుటము 2005లో వెలువడినది. బట్టమీద ముడులు, మెలికలు, ఉబ్బులు, కొననుండి క్రమముగా చొక్కాయిలో కలిసిపోయి మాయమగు మెడగుడ్డ, ఇట్టి వింతలను బల్లపరుపు కాగితమునుండి యెట్లు పుట్టింపవచ్చునో బొమ్మలతో జూపినారు. ముందుగా సగము ప్రమాణపు బొమ్మమీద చేసి చూచుట వారి పద్ధతి. బట్టయు శ్రమయు రెండును మిగులును.

ఆ రాత్రి మా కుమారుని భోజనపు బల్లమీద కాగితములు పఱచుకొని కూర్చుంటిని. దాని రహస్యము మన వంటయింటిలోనే కలదు. విస్తరాకు బల్లపరుపుగా నుండును. దానినే మడిచి పుల్ల గ్రుచ్చిన దొన్నె యగును. గుండ్రని కాగితమును అంచునుండి నడిమికి కత్తిరించి, కోసిన యంచులనొకదానిపై నొకటి జరిపినచో మధ్యభాగము కోపువలె లేచును. రవికకు మనము వేయు టక్కు ఇదియే. ఇందు గమనింపవలసినదేమనగా, ఆ కోత అంచున నెచటనుండి బయలుదేఱినను, నడిమిని జేరి అంతే జరిపినచో లేచు శిఖర మొక్కటే. కనుక టక్కును చంకక్రింద, భుజముమీద, మెడనుండి, ఎచ్చటనైనను పెట్టవచ్చును. అందమైన గీత నొకదానిని ముందు గీచికొని, ఆ గీత శిఖరము మీదుగా పోవునట్లు చేసినచో టక్కు ఆ గీతలో దాగిపోవును. శిల్పమువంటి యా వస్త్రములన్నిటికిని ఇదియే మూలము.

అప్పుడు నాకొక యూహ తోచినది. వీరు ఉబ్బులేనిచోట బట్టలో ఉబ్బును పుట్టించుచున్నారు. మా యక్కయ్యకు ఉబ్బు నిజముగానే కలదు. బట్టకు రెండును సమానమే గదా! ఆమె యొడలు తప్పుకాదు. కుడియెడమలకొక్కటే కాగితము వేయుటయే తప్పు. ఇన్నియేండ్లు నేను కుట్టుపని యెఱిగియుండియు ఈ యల్పవిషయము తట్టనందులకు సిగ్గుపడితిని.

ఇంటికి వచ్చినపిదప మేము చేసిన పద్ధతిని వ్రాయుచున్నాను. ఒంటికి బిగిసియుండు పాత బనియను నొకటి తొడిగించి, దానిపై కాగితపు జిగురుపట్టీలను చిన్నచిన్న ముక్కలుగా ఊపిరాడునంత వదులుగా రెండు వరుసలంటింపవలెను. దానిపై కలముతో వెన్నుగీత, ప్రక్కగీతలు, భుజములగీతలు, మెడ, చంకలు, నడుము గుర్తింపవలెను. ఉబ్బు మిక్కిలి లేచినచోట చుక్క పెట్టి, భుజమునుండి ఆ చుక్కమీదుగా నడుమువఱకు ఒక గీత గీయవలెను. ప్రతిభాగముమీదను నేలకు నిలువుగా ఒక బాణము వేసి, కుడి యెడమ యని వ్రాయవలెను. బట్టలోని పడుగు ఆ బాణము వెంబడి పోవలెను. పిమ్మట ముందుభాగమున హుక్కులు వచ్చుచోట జాగ్రత్తగా కత్తిరించి తీసి, గీతలవెంట ముక్కలు చేయవలెను. ముక్క బల్లపై చదునుగా పరుండినచో సరి. లేకున్న చుక్కవఱకు మఱియొక గాటు పెట్టవలెను. వానిని కాగితముమీద వ్రాసికొని, ఒంటికి కొంచెము వదులును, కుట్లకు బట్టయు కలుపవలెను. మొదట చవుక నూలుబట్టతో కచ్చాకుట్లు వేసి తొడిగి చూడక పట్టుబట్టను కోయరాదు.

మా మొదటి ప్రయత్నము చెడినది. వదులు చాలక అక్కయ్య చేయి పైకెత్తలేకపోయినది. రెండవసారి మెడ వెనుక ఎత్తుగా వచ్చినది. మూడవనాడు ఆమె కచ్చారవిక తొడిగి అద్దమునెదుట నిలిచి, భుజము కదల్చి చూచికొని, చాలసేపు మాటలాడలేదు. తరువాత "ఇది జాఱడంలేదే" అనినది. అంతకుమించి ఏమియు ననలేదు. నేనును కత్తెర సర్దుకొను నెపమున తల వంచుకొంటిని.

పెండ్లినాడు ఆమె చిలుకపచ్చ పట్టురవిక తొడిగినది. వీపున కుడివైపు భుజమునుండి నడుమువఱకు కుట్టిన గీతపై జరీనూలు పోసితిమి. వీపు వంపు పోలేదు. దానిని దాచవలెనని మే మనుకొననులేదు. చూచినవారు ఆ జరీగీత యెవరు కుట్టిరని యడిగిరి. శాలువ మా విడిదియింటి దండెము మీదనే యుండినది.

ప్రతికుటుంబమునను ఒడలు తిన్నగా లేని వారొక్కరైన నుందురు. ఒక రొమ్ము శస్త్రచికిత్సలో పోయినవారును, పక్షవాతమున భుజము జాఱినవారును, వార్ధక్యమున వంగినవారును గలరు. వారికి కొలతపట్టీతోనే గాక, కాగితముతోను ఓర్పుతోను కొలత తీసి చూడుడు. కుడికొక కాగితము, ఎడమకొక కాగితము. ఇంతకంటె ఖర్చు లేదు.