గట్టెక్కినదీ, ఎక్కనిదీ

సైదాబాద్ వాళ్ళకి కోటంటే గోల్కొండే. 1687లో ఔరంగజేబు దాదాపు ఎనిమిది నెలలు చుట్టుముట్టినా లొంగని ఆ కోట, లోపలివాడొకడు తలుపు తీస్తే పడిపోయింది. తలుపు మూసి ఉన్నంతసేపూ లోపలివాళ్ళు క్షేమం. కోట ధర్మం అది.

వైజాగ్ ఆర్కే బీచ్‌లో ఉన్నది ఇనుప కోట, ఐఎన్ఎస్ కురుసుర. సోవియట్ యూనియన్‌లో తయారైన ఈ జలాంతర్గామి 1969లో మన నౌకాదళంలో చేరి, 2001లో రిటైరైంది. 2002 నుంచి ఒడ్డున మ్యూజియంగా ఉంటోంది. 91 మీటర్ల పొడవు, లోపల 75 మంది. టార్పెడోల పక్కనే పడకలు. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోవాలంటే గుండ్రటి తలుపులో నడుం వంచి దూరాలి.

గైడ్ మాజీ నేవీ ఉద్యోగి. "నీళ్ళొస్తే ఈ తలుపు మూసేస్తాం" అన్నాడు.

"అవతల మనవాళ్ళుంటే?"

"మూసేస్తాం సార్" అని, వెనక బ్యాచ్‌కి దారివ్వమన్నాడు.

మా బ్యాచ్‌లో ఒక పిల్లాడు, గాజీని కొట్టింది ఇదేనా అని అడిగాడు. 2017లో వచ్చిన 'ఘాజీ' సినిమా ప్రభావం. కాదు. 1971 యుద్ధంలో కురుసుర గస్తీ తిరిగింది అవతలి వైపు, అరేబియా సముద్రంలో. పాకిస్తాన్ జలాంతర్గామి గాజీ డిసెంబర్ 3 అర్ధరాత్రి ఈ వైజాగ్ తీరానికి కొద్ది దూరంలోనే మునిగింది. మన యుద్ధనౌక రాజ్‌పుత్ ముంచిందని మనవాళ్ళు, ప్రమాదమని వాళ్ళు. 90 మందికి పైగా ఉన్నారు లోపల. ఒక్కరూ బతకలేదు. ఓడ ఇంకా అక్కడే, అడుగున ఉంది.

పిల్లాడి మొహం చిన్నబోయింది. ఎవర్నీ ముంచని జలాంతర్గామికి టికెట్ ఎందుకన్నట్టు చూశాడు.

నాకు మాత్రం ఆ టికెట్ డబ్బులు గిట్టుబాటైంది అక్కడే. అదే బీచ్ రోడ్డులో 'విక్టరీ ఎట్ సీ' స్తూపం ఉంది, గెలుపు సంగతి అది చెప్తుంది. ఆ 90 మంది ఆఖరి నిమిషాలు ఎలా గడిచి ఉంటాయో ఊహించాలంటే మాత్రం కురుసుర లోపలికే రావాలి. గాజీ అమెరికాలో కట్టింది, దీనికీ దానికీ పోలిక తక్కువే కావచ్చు. కానీ నీళ్ళొస్తే అక్కడా ఎవడో ఒకడు తలుపు మూసే ఉంటాడు. అవతల ఉన్నది వాడితో కలిసి పొద్దున టీ తాగినవాడే అయ్యుంటాడు.

శత్రువు గురించి అంత దగ్గరగా ఆలోచించే వీలు మన మ్యూజియాల్లో తక్కువ.