గాజుమేడలో ఒక ఉపవాసదినం

ఇండియా నుంచి చుట్టాలు వచ్చినప్పుడల్లా టవర్ బ్రిడ్జీ, మైనపు బొమ్మలూ, రాజభవనం గేటూ చూపించి చూపించి మనలో చాలామందికి విసుగొచ్చింది. ఈసారి వచ్చేవాళ్ళను దక్షిణ లండనులోని క్రిస్టల్ పేలెస్ పార్కుకు తీసుకువెళ్ళి చూడండి. విక్టోరియాలో గాని, లండన్ బ్రిడ్జిలో గాని రైలెక్కితే ఇంచుమించు అరగంట ప్రయాణం. పార్కుకు టిక్కెట్టు లేదు. చెరువు పక్కన 1854 నాటి డైనోసారు బొమ్మలున్నాయి గనుక పిల్లలు పేచీ పెట్టరు.

పేరులో పేలెస్ ఉంది గాని అక్కడ పేలెస్ లేదు. 1851లో హైడ్ పార్కులో జరిగిన మహాప్రదర్శనకోసం ఇనుముతో, గాజుతో కట్టిన మేడ అది. ప్రదర్శన అయిపోయాక విప్పి తెచ్చి, ఈ సిడెన్‌హామ్ గుట్టమీద ఇంకా పెద్దదిగా కట్టి, 1854లో తెరిచారు. 1936 నవంబరు 30 రాత్రి అది కాలిపోయింది. ఇప్పుడు మిగిలినవి వెడల్పాటి మెట్లూ, పక్కన కాపలా కూర్చున్నట్టుండే ఈజిప్టు తరహా స్ఫింక్సు బొమ్మలూ, దక్షిణాన దూరంగా కనిపించే కొండల వరసా. ఆ మెట్లమీద కూర్చుని మీవాళ్ళకు చెప్పదగ్గ కథ ఒకటుంది. అందులో మనకూ భాగం ఉంది.

1857 అక్టోబరు 7, బుధవారం. ఆ రోజున దేశమంతా ఉపవాసం ఉండాలనీ, దేవుని ముందు తలవంచి తమ పాపాలకు క్షమాపణ వేడుకోవాలనీ, ఇండియాలో శాంతి నెలకొల్పడానికి తమ సేనలకు తోడుపడమని ప్రార్థించాలనీ విక్టోరియా రాణి ప్రకటన చేసింది. ఆ ఏడు మే నెలలో మీరట్‌లో లేచిన తిరుగుబాటే కారణం. ఆ బుధవారం ఈ గాజుమేడలో స్పర్జన్ అనే బాప్టిస్టు ప్రబోధకుడు మాట్లాడాడు. అప్పటికి ఆయన వయస్సు ఇరవైమూడేళ్ళు. మైకులు లేని కాలం. వినడానికి వచ్చినవారు లెక్కప్రకారం 23,654 మంది.

ఈ దేశంలో ఇలాంటి ప్రకటనలు అంతకు ముందూ చాలా ఉన్నాయి. 1666లో లండను తగలబడ్డాక రెండో ఛార్లెస్ ఒకటి చేశాడు. లిస్బన్ భూకంపం తరువాత 1756లో ఒకటి, కలరాకు 1832లో ఒకటి, ఐర్లండు కరువుకు 1847లో ఒకటి, క్రిమియా యుద్ధానికి 1854లోనూ 1855లోనూ చెరొకటి. వానలు లేకపోతే వరుణజపం చేయించే మనకు ఇది మరీ వింతగా కనబడదు. తేడా ఎక్కడంటే, మనం నేరుగా వాన అడుగుతాం. ఇక్కడి ప్రకటన ముందు తప్పు ఒప్పుకోమంటుంది. ఆ తప్పేమిటో మాత్రం విడమరచి చెప్పదు. ఆ ఖాళీని ఎవరికి తోచినట్టు వారు పూరించుకోవాలి.

ఇది రాణిగారికే మింగుడుపడలేదు. 1854లో ప్రధాని అబర్డీన్‌కు ఆవిడ ఉత్తరం రాసింది. యుద్ధం తెచ్చిపెట్టింది రష్యా చక్రవర్తి స్వార్థమైతే, మన జాతి పాపాలవల్ల వచ్చిందని చెప్పుకోవడం కపటం అవుతుందని దాని సారాంశం. అయినా ఆ ఉపవాసదినం జరిగింది.

పామర్‌స్టన్ సంగతి ఇంకా చిత్రం. 1853లో కలరా మళ్ళీ తలెత్తినప్పుడు, ఉపవాసదినం ప్రకటిస్తారా అని ఎడింబరో మతాచార్యులు హోం మంత్రిగా ఉన్న ఆయనను అడిగారు. ముందు బీదలుండే సందులు శుభ్రం చేయించండి, ఆ పని చెయ్యకపోతే ఎన్ని ప్రార్థనలైనా రోగాన్ని ఆపలేవు అన్న అర్థంలో ఆయన జవాబిచ్చాడు. మనలో డాక్టర్లు ఎక్కువ గనుక ఈ జవాబు మనకు బాగా నచ్చుతుంది. కాని నాలుగేళ్ళు తిరిగేసరికి ఆయనే ప్రధానమంత్రి, ఇండియాకోసం ఉపవాసదినం ప్రకటించింది ఆయన ప్రభుత్వమే. ఇండియాలో మురుగు ఎక్కడ పేరుకుందో ముందు చూడండన్న మాట ఈసారి లేదు.

మరి ఆ రోజు ఖాళీని ఎలా పూరించారు? ఇండియాలో క్రైస్తవాన్ని గట్టిగా ప్రచారం చెయ్యకపోవడమే మన పాపం అన్నారు కొందరు బోధకులు. నల్లమందు వ్యాపారమూ, దుష్పరిపాలనా అన్నారు మరికొందరు. స్పర్జన్ తిరగబడ్డవారిని కఠినంగా శిక్షించవలసిందేనన్నాడు. అదే నోటితో, అక్కడి ప్రభుత్వం చేసిన పాపాలూ నల్లనివేనని, హింసలు పడ్డ ప్రజలనూ గద్దె దింపిన రాజులనూ తలచుకున్నాడు. ఆ రెండో మాట పాలించే జాతివాళ్ళ ముందు, యుద్ధం మధ్యలో చెప్పడానికి గుండె కావాలి. మొదటి మాటను మాత్రం మనం మరిచిపోలేం.

ఎందుకంటే ఆ తిరగబడ్డవారిలో మనవాళ్ళున్నారు. అదే ఏడు జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ మనుషులను వెంటబెట్టుకుని హైదరాబాదు రెసిడెన్సీ మీదికి వెళ్ళారు. కోఠీలో తరువాత మహిళా కళాశాల నడిచిన భవనం అదే. మౌల్వీని అండమానుకు పంపారు. తుర్రేబాజ్ ఖాన్‌ను 1859లో చంపి, శవాన్ని ఊళ్ళో వేలాడదీశారు. ఇంకో విడ్డూరం: ఆ బుధవారం జనం ప్రార్థిస్తున్నప్పటికే ఢిల్లీ పడిపోయి రెండు వారాలు దాటింది. ఆ కబురు లండను చేరింది అక్టోబరు నెలాఖరుకు.

పని దినాన దుకాణాలు మూయించి ఉపవాసం చేయించడం ఇక్కడ ఆ ఏటితో ఆఖరు. తరువాతివి ఆదివారాలకు మారాయి. 1918 జనవరి 6న ఐదో జార్జి ప్రకటించిన రోజూ, 1940 మే 26న ఆరో జార్జి కోరిన రోజూ ఆదివారాలే. రెండోసారి రాజూ రాణీ వెస్ట్‌మినిస్టర్ ఆబీలో కూర్చున్నారు. ఆ సాయంత్రమే డన్‌కర్క్ నుంచి సైనికుల తరలింపు మొదలై, జూన్ 4కి 3,38,000 మంది పైచిలుకు దక్కారు. అందుకే ప్రార్థనాదినం అంటే ఇక్కడివాళ్ళు 1940నే తలుచుకుంటారు, 1857ను కాదు.

మన పిల్లలు ఇక్కడి బడుల్లో డన్‌కర్క్ పాఠం చదివి వచ్చి, మనం బయటపడ్డాం అంటారు. అనుకోనివ్వండి, ఈ దేశం వాళ్ళది. అయితే 1857 అక్టోబరులో ఆ మనం ఎవరు అని ఈ మెట్లమీద ఒకసారి అడిగి చూడండి. గాజుమేడలో కూర్చున్న 23,654 మందా, కోఠీ గేటు ముందు నిలబడ్డవాళ్ళా? మా ఇంట్లో ఈ ప్రశ్నకు మూడు జవాబులొచ్చాయి, ఇంకా తెమలలేదు. ఒక జాతి పనిమాని కూర్చుని తప్పయింది అనుకోవడం చిన్న సంగతి కాదని పెద్దది అంటుంది. ఏ తప్పో, ఎవరి పట్ల చేశారో చెప్పకపోతే అది ఎలా చెల్లుతుందని చిన్నవాడి వాదన. నాకు చిన్నవాడి పక్షమే సబబనిపిస్తుంది.

ఎండ కాసే ఆదివారం చూసుకుని పులిహోర కట్టుకుని వెళ్ళండి. పైమెట్టు దగ్గర గాలి విసురుగా ఉంటుంది. పెద్దవాళ్ళకు శాలువాలు మరచిపోకండి.