చచ్చిన చేపకు జరిమానా!

హ్యూస్టన్ నుంచి కారులో రెండున్నర గంటలు వెళితే, పైన్ అడవుల మధ్య శామ్ రేబర్న్ సరస్సు వస్తుంది. బాస్ చేపల పోటీలకు పెట్టింది పేరు. పోటీలో పట్టిన చేపను వండుకోరు. పడవలోని నీళ్ల తొట్టిలో ప్రాణంతో ఉంచి, సాయంత్రం ఒడ్డున తూకం వేయించి వదిలేస్తారు. 1972లో రే స్కాట్ తెచ్చిన ఆనవాయితీ ఇది. బాస్‌మాస్టర్ పోటీల్లో చేప చస్తే తూకంలో 4 ఔన్సులు కోత!

అసలు గండం ఎండాకాలంలోనే. నీళ్లు వేడెక్కితే ఆక్సిజన్ తగ్గిపోతుంది. అందుకే నేను చూసిన పడవల తొట్లలో ఐసుగడ్డలు, గాలి కొట్టే పంపులు! అయినా వదలగానే ఈదుకుంటూ వెళ్లిన చేప కూడా రెండు మూడు రోజుల్లో చనిపోవచ్చట.

2019లో మొదలైన బాస్ ప్రో టూర్‌లో పడవలోనే తూచి, పట్టిన చోటే వదిలే పద్ధతి పెట్టారు. వేసవిలో అన్ని పోటీలకూ అదే మేలనిపించింది. ఒడ్డున చప్పట్లు తగ్గుతాయేమో గానీ, సరస్సులో చేపలు మిగులుతాయి.