చదవకుండా ‘వై’ నొక్కినాను

పోస్టు కొంచెం పొడుగు. పని లేనప్పుడు చెట్టు కింద కూర్చొని చదవండి. ఇది పంట గురించి కాదు, మూడు నెలల కింద నేను చేసిన ఒక తప్పు గురించి.

మాది అనంతపురం జిల్లాలో చెనక్కాయ వేసే పల్లె. మా సంఘంలో 137 మందిమి ఉన్నాం. విత్తేముందు సంఘం విత్తనకాయ ఇస్తుంది, పంట వచ్చినాక సభ్యులు కాయే తిరిగి కొలుస్తారు. ఎవరికి ఎన్ని మూటలు ఇచ్చినాం, ఎవరు ఎంత తిరిగి ఇచ్చినారు, ఆరేళ్ల లెక్కంతా సంఘం రూములో ఉన్న ఒక పాత కంప్యూటర్లో ఉంది. పంటనష్టం ఫోటోలు అందులోనే. పోయినేడు కాలం చేసిన ఒక అవ్వ పాత కొర్ర విత్తనాల గురించి చెప్పిన మాటల రికార్డింగు కూడా అందులోనే. ఇంటర్ చదివినోడిని కదా అని రూము తాళం నాకిచ్చినారు.

ఆ కంప్యూటర్ పెట్టింది బెంగళూరులో పని చేసే నా మేనల్లుడు. ఒక్కోటి ఒక టీబీ ఉండే నాలుగు డిస్కులను కలిపి ఒకే పెద్ద డిస్కులా పని చేసేట్టు చేసినాడు. దాన్ని రెయిడ్ అంటారు. కలపడానికి విడిగా పరికరం ఏమీ లేదు, లినక్స్‌లో ఉండే సాఫ్ట్‌వేరే ఆ పని చేస్తుంది.

మన గొర్రు తెలుసు కదా. జడ్డిగంలో వేసిన గింజ గొట్టాల్లో దిగి ఒక్కో సాలులో పడుతుంది. ఇదీ అంతే. మనం దాచిన సమాచారాన్ని ముక్కలు చేసి, ఒక ముక్క ఒక డిస్కులో, తర్వాతి ముక్క ఇంకో డిస్కులో వరుసగా వేసుకుంటూ పోతుంది. ప్రతి వరుసలో మూడు ముక్కలు సమాచారం, ఒకటి లెక్క.

ఆ లెక్క ఎట్లాంటిదంటే, నాలుగు గుంతలు అనుకోండి. ఒక్కో గుంతలో ఒక గింజ ఉంటుంది, లేదంటే ఉండదు. మొత్తం గింజలు ఎప్పుడూ సరిసంఖ్య వచ్చేట్టు నాలుగో గుంతను సరిచేస్తాం. రేపు ఏ ఒక్క గుంత పూడిపోయినా మిగిలిన మూడూ చూసి అందులో గింజ ఉందో లేదో చెప్పేయొచ్చు. అందుకే ఒక డిస్కు చెడిపోయినా సమాచారం పోదు.

ఇక జరిగింది చెప్తా. ఆ సాయంత్రం ఉరుములు మెరుపుల వాన. ఆనాటి లెక్క ఎక్కిస్తా ఉంటే కరెంటు పోయింది. మళ్లీ వచ్చినాక కంప్యూటర్ లేచింది గానీ లెక్కలున్న డిస్కు కనపడలేదు. అల్లుడికి ఫోన్ చేస్తే ఎత్తలేదు, డ్యూటీలో ఉన్నాడు. నాకు ఆత్రం. మొదట్లో వాడు నోటుబుక్కులో రాసిపెట్టిన కమాండ్లు ఉన్నాయి. పైన ‘క్రియేట్’ అని ఉండే లైను, దాని కింద ఫార్మాట్ లైను. నేను పై లైను ఉన్నదున్నట్టు కొట్టినాను.

ఇక్కడ రెండు తప్పులు. ఉన్న డిస్కులను మళ్లీ కూర్చడానికి ‘అసెంబుల్’ అని వేరే కమాండ్ ఉంది. క్రియేట్ అంటే కొత్తగా చేయడం. ఊడిన గొర్రును బిగించమంటే కొత్త గొర్రు చేసినట్టు. రెండోది, డిస్కులకు కంప్యూటర్ పెట్టుకునే పేర్లు ఎప్పుడూ అవే ఉండవు, తీగలు మారితే మారిపోతాయి. అంతకుముందు దుమ్ము దులుపుదామని వాటిని ఊడదీసి బిగించింది నేనే. కాబట్టి వరుస కూడా తప్పు.

కంప్యూటర్ హెచ్చరించింది. ఈ డిస్కులు ఇప్పటికే ఒక రెయిడ్‌లో ఉన్నట్టున్నాయి, అయినా కొత్తది చేయాలా అని ఇంగ్లీషులో అడిగింది. చదివితే అర్థమయ్యేదే. బ్యాంకులో పంట రుణం కాగితాల మీద వేలు చూపించిన చోటల్లా సంతకం పెడతాం చూడండి, అట్లా ‘వై’ నొక్కినాను.

తెర మీద శాతం లెక్క నడవడం మొదలైంది. అయిపోయినాక ఫార్మాట్ లైను కొడదామని కాచుకొని కూర్చున్నా. అంతలో అల్లుడు ఫోన్ చేసినాడు.

“మామా, ఫార్మాట్ కొట్టినావా?”

“ఇంకా లేదురా.”

“కంప్యూటర్ ఆపేయ్. నేను వచ్చేదాకా ఎవర్నీ ముట్టుకోనీయొద్దు.”

వాడికి సెలవు దొరకడానికి ఎనిమిది రోజులు పట్టింది. మూడో రోజుకే టీ అంగడి దగ్గర మాట పుట్టింది, బాకీల లెక్క కావాలనే చెరిపేసినారంట అని. అనేవాళ్లను ఏమనగలను? ఆ ఏడు నా పేరున కూడా నాలుగు మూటలు బాకీ ఉంది. మా ఇంటామె, దాచేకొద్దీ అనుమానం పెరుగుతుంది, నువ్వే పోయి చెప్పు అనింది. సంఘం కూర్చోబెట్టి జరిగింది జరిగినట్టు చెప్పినాను. ఒక పెద్దాయన, “తప్పు ఒప్పుకున్నావు, బాగుంది. లెక్క చూపించినాక నమ్ముతాం” అన్నాడు. ఆయన అన్నది న్యాయమే.

అల్లుడు ఒక పెద్ద డిస్కు తెచ్చుకొని వచ్చినాడు. రాగానే బాగుచేయడానికి దిగలేదు. ముందు నాలుగు డిస్కులకూ అక్షరం పొల్లు పోకుండా నకలు తీసినాడు. ఒక్కోదానికి మూడు గంటల దాకా పట్టింది. అసలువి పక్కన పెట్టేసి, ఏ ప్రయోగమైనా నకలు మీదే చేసినాడు. పట్టాదారు పుస్తకం ఇంట్లో పెట్టి జిరాక్సుతో ఆఫీసుల చుట్టూ తిరుగుతాం కదా, అట్లా.

నాలుగు డిస్కులను 24 వరుసల్లో పేర్చొచ్చు. మొదటి డిస్కు ఏదో దాని మొదట్లో ఉన్న గుర్తును బట్టి పట్టుకున్నాడు. ఇక మిగిలింది ఆరు వరుసలు. ఒక్కో వరుసలో పేర్చి, ఏమీ రాయకుండా ఊరికే చదివి చూస్తా పోయినాడు. ఐదోసారి ఫోల్డర్ల పేర్లు వచ్చినాయి. అవ్వ రికార్డింగు పెట్టినాడు. గొంతు వినపడింది. నేను బయటికి పోయి కాసేపు అరుగు మీద కూర్చున్నా.

మరి ఆ శాతం నడిచినప్పుడు ఒక డిస్కు మీద కొత్తగా రాసింది కదా, అది ఎందుకు చెడిపోలేదు అని అడిగినా. “మామా, గుంతల లెక్క గుర్తు తెచ్చుకో. మూడింటిని చూసి నాలుగోది రాసింది. వరుస ఎట్లా మారినా గింజల మొత్తం మారదు కదా, అందుకని మళ్లీ ఉన్నదే రాసింది” అన్నాడు. అవే నాలుగు డిస్కులతో చేసినాను కాబట్టి బతికిపోయినాం. ఫార్మాట్ కొట్టి, దాని మీద కొత్త లెక్కలు రాసుంటే చాలా వరకు పోయేదే.

కరెంటు పోయినప్పుడు ఎక్కిస్తున్న ఆనాటి లెక్క మాత్రం దొరకలేదు. 14 మందివి. వాళ్ల దగ్గరున్న రసీదులు చూసి మళ్లీ రాసినాం. తర్వాత సంఘంలో అందరి ముందూ లెక్క తెరిచినప్పుడు మొదట నా పేరే చూపించినా, నాలుగు మూటల బాకీతో సహా. ఆ పెద్దాయన తల ఊపినాడు, అంతే.

ఇప్పుడు మీకు చెప్పాల్సింది.

నాలుగు డిస్కులు ఒకే పెట్టెలో ఉన్నంత మాత్రాన నాలుగు నకళ్లు ఉన్నట్టు కాదు. ఒక డిస్కు చెడిపోతే రెయిడ్ కాపాడుతుంది. మనిషి తప్పు నుంచి, దొంగ నుంచి, పిడుగు నుంచి కాపాడదు. విత్తనమంతా ఒకే గాదెలో పోస్తామా? ఇప్పుడు మా లెక్క ఒకటి సంఘం రూములో, ఒకటి ఇంకో ఇంట్లో బీరువాలో, ఒకటి బెంగళూరులో ఉంది. నెలకోసారి నకలు తీసి, తీగ పీకేసి పెడతాం.

మీ ఫోన్ మెమరీ కార్డులో ఫోటోలు పొరపాటున చెరిగిపోతే వెంటనే వాడటం ఆపి కార్డు బయటికి తీయండి. చెరిపినప్పుడు చాలాసార్లు పోయేది జాబితానే. అడంగల్‌లో పేరు తీసేస్తే పొలం మాయమవదు కదా. మళ్లీ ఫోటోలు తీస్తేనే వాటి మీద కొత్తవి పడి పాతవి పోతాయి. ఫోటోరెక్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, తెలిసినవాళ్లతో కంప్యూటర్లో పెట్టించి చూడండి. దొరికినవి అదే కార్డులో మాత్రం దాచొద్దు. ఫోన్ లోపలి మెమరీలోంచి పోయినవి దొరకడం కష్టం, ఆశ పెట్టుకోవద్దు.

అన్నిటికన్నా ముందు, అది ఏం అడుగుతుందో చదవండి. అర్థం కాకపోతే ఏదీ నొక్కకుండా చేతులు కట్టుకొని కూర్చోండి. ఆ రోజు నేను కూర్చోలేకపోయినా, అంతే నా తప్పు.