మీటలున్నాయి, గమకమేదీ?

చెన్నై మౌంట్ రోడ్డులోని మ్యూసీ మ్యూజికల్ 1842లో మిస్క్విత్ కంపెనీగా మొదలైంది. ఒకప్పుడు దొరల ఇళ్లకు పియానోలు పంపిన ఈ దుకాణం మెట్లే ఇప్పుడు మధ్యతరగతి తల్లిదండ్రులు చవకైన కీబోర్డు కోసం ఎక్కుతారు. మొదట అడిగేది ధర. నిజానికి ముందు తేల్చుకోవాల్సింది పిల్లలు నేర్చేది ఏ సంగీతమని.

పాశ్చాత్యమైతే పూర్తి సైజు మీటలు 61, వేలి ఒత్తిడిని బట్టి హెచ్చుతగ్గులయ్యే ధ్వని ఉంటే ఇంటి సాధనకు చాలు. బొమ్మ కీబోర్డు సన్న మీటలకు అలవాటుపడ్డ వేళ్లు పియానో ముందు తడబడతాయి.

కర్ణాటకమైతేనే చిక్కు. మీట నొక్కితే స్వరం పలుకుతుంది కానీ పక్క స్వరంలోకి జారదు. గాంధారం ఊగని తోడి తోడే కాదు. 1940లో ఆకాశవాణి హార్మోనియంను వెలివేయడానికి చెప్పిన కారణాల్లో ఇదొకటి. ఆ నిషేధం సడలడానికి 1971 దాకా పట్టింది.

కీబోర్డులో దీనికి విరుగుడు ఎడమవైపుండే పిచ్ బెండ్ చక్రం. కుడిచేయి మీట నొక్కుతుంటే ఎడమచేయి చక్రం తిప్పి స్వరాన్ని ఊపుతుంది. ఇదే నగరానికి చెందిన కె. సత్యనారాయణన్ కీబోర్డు మీద కర్ణాటక కచేరీలు చేస్తున్నది దాని అండతోనే. క్యాసియో సీటీ-ఎస్200, ఎస్300 చూడ్డానికి కవలలు. చక్రం, ఒత్తిడికి స్పందించే మీటలు రెండో దానికే ఉన్నాయి. తర్వాత అతికించుకుందామంటే కుదరదు.