హడ్సన్ నది మీద ఒక సాయంత్రం



న్యూజెర్సీలో ఉంటున్న మా తమ్ముని ఇంటికి వెళ్ళినప్పుడు, ఒక సాయంత్రం అతనితో కలిసి ఫెర్రీ ఎక్కి హడ్సన్ నది దాటాను. ఎదుట న్యూయార్కు నగరపు ఎత్తైన మేడలు. నది మధ్యకు రాగానే తమ్ముడు చెయ్యి చాపి, "అన్నయ్యా, విమానం దిగింది ఈ నదిలోనే" అన్నాడు.

అది 2009 జనవరి 15. మధ్యాహ్నం 3:25 గంటల ప్రాంతంలో లాగార్డియా విమానాశ్రయం నుండి 155 మందితో యు.ఎస్. ఎయిర్‌వేస్ విమానం లేచింది. సుమారు రెండు నిమిషాలకే, 2,800 అడుగుల ఎత్తున, కెనడా పెద్దబాతుల గుంపు ఎదురైంది. రెండు ఇంజన్లలోనూ పక్షులు పడ్డాయి. రెండూ శక్తి కోల్పోయాయి.

మూడు నాలుగు కిలోల పక్షి అంత పెద్ద విమానాన్ని ఎలా ఆపగలదు? జొన్నచేలో మంచె మీద వడిసెల తిప్పిన వారికి తెలుసు: రాయి చిన్నదే, దెబ్బ వేగానిది. ఇక్కడ ఆ వేగం విమానానిది. ఇంజను గాలితోపాటు పక్షినీ లోపలికి లాగుకొంటుంది. పైకి లేచే సమయంలో ఎత్తు తక్కువ, ఆలోచించే వ్యవధి తక్కువ. అందుకే విమానాశ్రయాలలో టపాకాయలు పేల్చి పక్షులను తోలుతారు. చుట్టుపక్కల చెత్త, మాంసపు వ్యర్థాలు పారవేయవద్దంటారు. 1988లో ఇథియోపియాలోని బహిర్‌దార్‌లో పైకి లేస్తున్న విమానానికి పావురాల గుంపు తగిలి, చివరకు 35 మంది చనిపోయారు.

హడ్సన్ మీద కెప్టెన్ సలెన్‌బర్గర్‌కు మిగిలినది మూడున్నర నిమిషాలు. వెనుకకు వెళ్ళలేనని గ్రహించి విమానాన్ని నీటి మీద దించాడు. లోపల కొందరు ప్రార్థించారు. గడ్డకట్టే చలిలో చాలామంది రెక్కల మీద నిలబడ్డారు. మేము ఎక్కినటువంటి ఫెర్రీలే ముందుగా వచ్చి వారిని ఎక్కించుకొన్నాయి. 155 మందీ బ్రతికారు.

"నీళ్ళు నిండుతున్నా, ఎవరైనా మిగిలారేమోనని కెప్టెన్ విమానమంతా రెండుసార్లు నడిచి చూశాడు. ఆ తర్వాతే బయటికి వచ్చాడు" అన్నాడు తమ్ముడు.

ఫెర్రీ ఒడ్డుకు చేరింది. అందరం దిగాము. వెనుకకు తిరిగి చూస్తే, ఒక పనివాడు ఖాళీ బల్లల మధ్య మెల్లగా నడుస్తూ, ఎవరైనా ఉండిపోయారేమోనని చూస్తున్నాడు. మొదటిసారి చూడటం ఉద్యోగం కావచ్చు. రెండవసారి చూడటం ప్రేమ. ఇంటిలోనైనా, ఊరిలోనైనా, మనలను నమ్ముకొన్న వారి కోసం ఆ రెండవసారి మనమూ నడుద్దాము.