మాట అడగని డాక్టర్లు

నల్లజర్ల వాళ్లు బెంగళూరు వెళ్లాలంటే తాడేపల్లిగూడెంలోనే బండెక్కాలి. వెంకటరామన్నగూడెం మీదుగా, ఉద్యాన విశ్వవిద్యాలయం గేటు దాటుకుని గూడెం చేరి, సాయంత్రం శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌ అందుకున్నాం. కాకినాడ నుంచి వచ్చే ఆ బండిలో సాఫ్ట్‌వేరు కొడుకులకీ కూతుళ్లకీ ఆవకాయ మోసుకెళ్లే అమ్మానాన్నలే ఎక్కువ. మధ్యమధ్య కొందరు ఫైలు పెట్టిన ప్లాస్టిక్‌ కవరును ఒళ్లోంచి దించకుండా కూర్చుంటారు. నిమ్హాన్స్‌కి వెళ్లేవాళ్లు వాళ్లే. ఆ పేరు పైకి అనరు. ఎదురు సీటాయన అడిగితే మేమూ "చుట్టాలింటికండి" అనే చెప్పాం.

మేమంటే నేనూ, మా చెల్లెలి కోడలూ, ఆ అమ్మాయి కొడుకూ. వాడికి ఏడేళ్లు. ఇంట్లో ఉంటే వసపిట్టే. పామాయిల్‌ గెలలు తోలే ట్రాక్టరు హారను విని అది ఎవరిదో చెప్పేస్తాడు. బడి గేటు దాటాడా, ఇక నోరు విప్పడు. ఒకటో తరగతి మొత్తం అలాగే గడిచింది. టీచరు బతిమాలింది, బిస్కెట్లు పెట్టింది, ఆనక బెత్తం చూపించింది, చివరికి మొండిఘటం అని పేరు పెట్టి వదిలేసింది. వాళ్ల అమ్మమ్మ వస అరగదీసి నాలిక్కి రాసింది. ద్వారకా తిరుమలలో గుండు కొట్టించారు. తల్లి పుట్టిల్లు కైకలూరు వైపు కాబట్టి కొల్లేటికోట పెద్దింట్లమ్మకీ మొక్కారు. ఒక పిల్లల డాక్టరు పెద్దయితే సర్దుకుంటాడన్నాడు. ఏలూరులో ఒక సైకియాట్రిస్టు మాత్రం పూర్తిగా విని, "నేను పెద్దవాళ్లను చూసేవాణ్ణండి. పిల్లల కోసమే విడిగా చదివినవాళ్లున్నారు. ఒకసారి అక్కడ చూపించుకు రండి, తర్వాత సంగతి నేను చూసుకుంటాను" అన్నాడు. ఇది నా పరిధి కాదని చెప్పగలిగిన డాక్టరు మీద నాకు గురి కుదిరింది.

భీమడోలు దాటాక రెండు వైపులా చేపల చెరువులు. వాడు కిటికీ ఊచలు పట్టుకుని గూడబాతుల కోసం వెతికాడు. అటపాకలో వాటిని చూసిన దగ్గర్నుంచి అదే పిచ్చి. ఏలూరు వచ్చేసరికి చీకటి పడింది. మర్నాడు కుప్పం దాకా చెప్పుకోదగ్గదేమీ లేదు, జోలార్‌పేటలో వాడు తిన్న ఇడ్లీలు తప్ప.

నిమ్హాన్స్‌ పాతకాలపు పిచ్చాసుపత్రి వారసత్వం ఉన్న చోటు. 1954లో అక్కడ ఆలిండియా ఇన్‌స్టిట్యూట్‌ ఆఫ్‌ మెంటల్‌ హెల్త్‌ పెట్టారు. ఆ రెండూ కలిసి 1974లో ఇప్పటి పేరుతో సంస్థ అయింది. ఎత్తయిన గోడలు, ఇనప తలుపులు ఉంటాయనుకుని వెళ్లాను. పెద్ద చెట్లు, వాటి కింద టిఫిను డబ్బాలు విప్పుకున్న కుటుంబాలు కనిపించాయి. పిల్లల విభాగం ముందు నిలబడితే సగం తెలుగే వినపడుతుంది: అనంతపురం, మదనపల్లె, చిత్తూరు యాసలు. మన గోదారి "ఆయ్‌" మాత్రం మాదొక్కటే. ఉత్తరాది నుంచి వచ్చిన ఒక కుర్ర డాక్టరు కదిరి నుంచి వచ్చిన ముసలమ్మని "నిద్ర బాగుందా? ఊట అయిందా?" అని సగం తెలుగులో, సగం కన్నడంలో పలకరిస్తున్నాడు. ఆవిడ నవ్వుతూ జవాబు చెబుతోంది.

మా ఫైలు అతని చేతికే వచ్చింది. ఎండీ సైకియాట్రీ చేస్తూ కొన్నాళ్లు పిల్లల విభాగంలో డ్యూటీకి వచ్చిన కుర్రాడు. అతని పైన డీఎం చేస్తున్న అమ్మాయి ఉంది, ఊరు మన ఉండి దగ్గర. ఆ అమ్మాయి పైన కన్సల్టెంటు. ఎంబీబీఎస్‌ అయ్యాక ఎండీ మూడేళ్లు, ఆ తర్వాత పిల్లల, కౌమారుల మానసిక వైద్యంలో డీఎం ఇంకో మూడేళ్లు. మన దేశంలో ఈ డీఎం ఉన్న చోట్లు తక్కువ: ఇక్కడ, ఢిల్లీ ఎయిమ్స్‌లో, చండీగఢ్‌ పీజీఐలో, ఇంకా కొన్ని. ముప్పయ్యేళ్లు దాటినా విద్యార్థే అన్నమాట.

కుర్రాడు మా కోడల్ని చాలాసేపు అడిగి రాసుకున్నాడు. కాన్పు ఎలా జరిగింది, పుట్టగానే ఏడ్చాడా, ఎన్నో నెలకి కూర్చున్నాడు, మొదటి మాట ఏది, ఇంట్లో ఇంకెవరికైనా బిడియం ఉందా. చెవులు వినపడతాయో లేదో పరీక్ష చేయించారా. వాడు ఇంట్లో మాట్లాడుతుండగా తీసిన ఫోను వీడియో ఏదైనా ఉందా. ఆ చివరిది అడిగినప్పుడు కోడలి మొహంలో వెలుగొచ్చింది. వాడు ట్రాక్టరు డ్రైవరుతో పేచీ పడుతున్న వీడియో చూపించింది. ఇన్నాళ్లూ పిల్లాడు మాట్లాడతాడంటే నమ్మిన డాక్టరు లేడు మరి.

ఆటగది చిన్నది. చాప మీద ప్లాస్టిక్‌ జంతువులు, వంటసామాన్లు, ఒక బొమ్మరిల్లు, కాగితాలు, రంగు పెన్సిళ్లు. ఉండి అమ్మాయి చెప్పులు విడిచి నేల మీద కూర్చుంది, వాడికి ఎదురుగా కాకుండా కాస్త పక్కకి. కుర్రాడు గోడ వార స్టూలు మీద. నేను గుమ్మం దగ్గర.

"ఆంటీకి నీ పేరు చెప్పు నాన్నా" అంది తల్లి.

"పేరు ఫైల్లో ఉందిలే అమ్మా" అంది ఆ అమ్మాయి తేలిగ్గా.

తర్వాత ఆ పిల్ల చాలాసేపు ఒక్క ప్రశ్న వెయ్యలేదు. బడిలో ముప్పయ్యేళ్లకి పైగా ప్రశ్నల మీదే బతికినవాణ్ణి, నాకు ఊపిరాడలేదు. తనలో తాను అనుకున్నట్టు మాత్రం మాట్లాడుతోంది. "నేనొక పిట్టని గీస్తాను... మెడ పొడుగ్గా... కొల్లేట్లో ఉంటుంది కదా, అది." వాడు గుర్రంబొమ్మ తోక పట్టుకుని ఓరగా చూస్తున్నాడు. ముక్కు గీసింది. కొంగ ముక్కు, సన్నగా. వాడు కదిలాడు. తల్లి భుజం పట్టి కిందకి లాగి, ఆమె చెవిలో గుసగుసగా, కానీ మా అందరికీ వినపడేటట్టు అన్నాడు:

"గూడబాతైతే సంచేదే?"

ఇల్లు దాటాక కొత్తవాళ్ల ముందు వాడి మాట వినడం నాకు అదే మొదలు. స్టూలు మీద కుర్రాడు ముందుకు వంగి ఏదో అనబోయాడు. ఆ అమ్మాయి అటు చూడకుండానే అరచెయ్యి కాస్త ఎత్తి ఆపింది. పెన్సిలు తీసి ముక్కు కింద సంచి గీసింది. "సంచి పెట్టాను" అంది. అంతే. ఆ గొంతులో ఆశ్చర్యం లేదు, శభాష్‌ లేదు. వాడు గుర్రాన్ని వదిలేసి పసుపురంగు పెన్సిలు అందుకున్నాడు.

బయటికి వచ్చాక వరండాలో కుర్రాడికి ఆమె ఇంగ్లీషులో చెబుతుంటే విన్నాను. అందరం చప్పట్లు కొడితే వాడికి అందరి కళ్లూ తన నోటి మీదే ఉన్నాయని తెలిసిపోతుంది, రెండో మాట రాదు. మాట్లాడాలని ఉన్నా భయం గొంతు పట్టేస్తుంది వాడికి, పెంకితనం కాదు. ముందు తల్లితో గుసగుసలాడనివ్వాలి, ఆ గుసగుస మన చెవిన పడేంత దూరంలో మనం ఊరికే ఉండాలి. దీన్ని సెలెక్టివ్‌ మ్యూటిజం అంటారట. చాలామందిలో బడికి పంపేదాకా బయటపడదట.

కన్సల్టెంటు గదిలో కుర్రాడు కేసు షీటు చదివాడు. ఆవిడ అంతా విని, మా వైపు తిరిగి, "బడిలో వీడితో ఎవరు ఆడతారు?" అని అడిగింది. కోడలు తెల్లమొహం వేసింది. నాకు తెలుసు: ఆటోలో పక్కన కూర్చునే అనంతపల్లి పిల్ల, తన రేగుపళ్లు వీడికి పెడుతుంది. ఆ సంగతి చెప్పాను. "అయితే అక్కణ్ణుంచి మొదలుపెట్టండి" అంది ఆవిడ. ముందు ఆ పిల్లని ఇంటికి పిలిచి ఆడుకోనివ్వడం, తర్వాత బడి వదిలాక ఖాళీ తరగతిలో తల్లితో పాటు ఇద్దరినీ కూర్చోబెట్టడం, ఆ తర్వాత టీచరు గుమ్మం దాకా రావడం, ఇంకొన్నాళ్లకి లోపలికి రావడం, చివరికి తల్లి పక్కకి తప్పుకోవడం. మందు రాయలేదు. కావలసివస్తే తర్వాత చూద్దామంది. కుర్రాడు షీటు అంచున "అనంతపల్లి ఫ్రెండ్‌" అని రాసుకోవడం చూశాను. ఈ చదువుకి పుస్తకం లేదని కాదు. లియో కానర్‌ అమెరికాలో 1935లోనే పిల్లల మానసిక వైద్యం మీద పాఠ్యగ్రంథం రాశాడు. ఆ పుస్తకాల్లో మా అనంతపల్లి పిల్ల ఉండదు కదా, ప్రతి కేసులోనూ మళ్లీ వెతుక్కోవాలి.

మధ్యాహ్నం క్యాంటీన్‌ దగ్గర ఉండి అమ్మాయి కనిపించింది. నల్లజర్ల అనగానే "మా పిన్నిది దూబచర్ల అండి మాస్టారూ" అంది. ఎండీ విశాఖలో చేసిందట. మూడేళ్ల డీఎంలో ఆటిజం పిల్లలు, చదువు రాని పిల్లలు, చెయ్యి కోసుకున్న ఇంటరు పిల్లలు, పోక్సో కేసుల్లో సాక్ష్యం చెప్పాల్సిన పసివాళ్లు అందరూ వస్తారని చెప్పింది. వార్డులో పిల్లతో పాటు తల్లో తండ్రో ఉండాలి. 2017 మానసిక ఆరోగ్య చట్టం కూడా అదే అంటుంది: పిల్లల్ని పెద్దల వార్డులో కలపకూడదు, తోడు మనిషి లేకుండా ఉంచకూడదు. "పిల్లల కంటే వాళ్ల నాన్నలతో మాట్లాడ్డం కష్టమండి" అంది నవ్వుతూ. అందులో నిజం లేకపోలేదు. మావాడి తండ్రి సెలవు దొరకలేదని రాలేదు.

2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే సంగతి ఆ పిల్లే ఎత్తింది. 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలిందట. అరవై మంది ఉన్న తరగతిలో నలుగురన్నమాట. నా తరగతుల్లో ఆ నలుగురు ఎవరై ఉంటారా అని లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. సర్వే చేసిన 12 రాష్ట్రాల్లో మనది లేదు లెండి.

"చదువయ్యాక ఏలూరు వస్తావా అమ్మా? మెడికల్‌ కాలేజీ కూడా వచ్చిందిగా" అన్నాను.

"రావాలనే ఉందండి. కానీ పిల్లల సైకియాట్రీ అంటే నేనొక్కదాన్నీ కుర్చీ వేసుకుంటే సరిపోదు. సైకాలజిస్టు కావాలి, స్పీచ్‌ థెరపిస్టు కావాలి, బడికి వెళ్లి మాట్లాడే మనిషి కావాలి. అవి లేకపోతే నేను మందులు మాత్రమే రాస్తాను. దానికి ఇంత చదువెందుకు?" తన బ్యాచి వాళ్లలో కొందరు అమెరికా పరీక్షలు రాస్తున్నారట. అక్కడ సైకియాట్రీ రెసిడెన్సీ మీద రెండేళ్ల ఫెలోషిప్‌ చెయ్యాలి, అయినా వెళ్తున్నారు. ఆ పిల్లని నేను తప్పుపట్టలేకపోయాను. మన జిల్లా ఆసుపత్రుల్లో డాక్టరు పోస్టు అడిగేవాళ్లున్నారు గానీ ఆటగది కావాలని అడిగినవాళ్లని నేను చూడలేదు. లేచే ముందు మా కోడలి ఫోనులో 14416 అని టెలీమానస్‌ హెల్ప్‌లైన్‌ నంబరు ఎక్కించింది. తెలుగులోనే మాట్లాడతారు, గాభరా పడ్డప్పుడు చెయ్యమంది.

ఊరొచ్చిన మర్నాడు వాళ్లిచ్చిన ఉత్తరం పట్టుకుని బడికి వెళ్లాను. హెడ్మాస్టరు కళ్లజోడు సవరించుకుని చదివాడు. పిల్లాణ్ణి నలుగురిలో నిలబెట్టి మాట్లాడమనవద్దు, మాట్లాడితే గొప్పగా మెచ్చుకోవద్దు, జవాబు రాసో చూపించో చెప్పనివ్వండి అని ఉంది అందులో.

"మరి హాజరు ఎలాగండి మాస్టారూ? ప్రెజెంట్‌ సార్‌ అనాలి కదా."

"చెయ్యి ఎత్తితే చాలట. అదీ రాశారు, రెండో పేజీలో."

ఆయన పేజీ తిప్పాడు. "వీడొక్కడూ చెయ్యి ఎత్తితే మిగతావాళ్లు నవ్వుతారు" అని కాసేపు ఆలోచించి, క్లాసు టీచర్ని పిలిపించి, రేపట్నుంచి రెండో తరగతిలో అందరూ చెయ్యే ఎత్తాలని చెప్పాడు.